గదులు కోరుకునే రోజు

మా పెద్దమ్మ ఏ బడిలో చేరినా మొట్టమొదట చేసే పని ఒకటుండేది. పిల్లలు ఇంకా రాకముందే తన తరగతి గదికి వెళ్ళి, ఒక్కో బెంచీ మీదా కాసేపు కూర్చుని బోర్డు వైపు చూసేది. పిల్లల ఎత్తుకి తగ్గట్టు నడుం వంచి, మెడ దించి మరీ చూసేది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక కూడా ఈ అలవాటు మానలేదు.

"మా ఆవిడ మళ్ళీ మూడో క్లాసులో చేరింది. ఈసారైనా పాసవుతుందేమో చూడాలి," అని పెదనాన్న వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆయన ఎలక్ట్రీషియన్. ఎవరి ఇంట్లో కూర్చున్నా మాట్లాడుతూనే పైకి చూసి ఫ్యాను ఎలా తిరుగుతోందో గమనించే మనిషి. ఇద్దరూ ఒకే గూటి పక్షులని మా అమ్మ అనేది.

పెద్దమ్మ పనిచేసినవన్నీ ప్రైవేటు బడులే. ఒకదాని యజమాని స్థలం అమ్ముకున్నాడు. ఇంకొకటి పక్క బడిలో కలిసిపోయింది. మరోచోట వయసులో చిన్నవాళ్ళు చాలనుకున్నారు. ఎక్కడికి వెళ్ళినా మళ్ళీ మొదటి నుంచి మొదలు. జుట్టు సగం నెరిసినా హాజరు పట్టీలో చివరి పేరు ఆమెదే. ఇంటర్వెల్లో చివరికి మిగిలిన కుర్చీ, పరీక్షల్లో ఎవరూ వద్దన్న డ్యూటీ, అందరూ వదిలేసిన గది ఆమెవి. ఈ కొత్త బడిలోనూ అంతే. వరండా చివరన ఉన్న మూడో క్లాసు గది ఇచ్చారు.

సెలవులు ఇంకా అయిపోలేదు. నన్ను తోడు రమ్మంది. చీపురు, బకెట్టు పట్టుకుని వెళ్ళాం. తలుపు తీయగానే పావురాల వాసన గుప్పున కొట్టింది. బెంచీలు కొన్ని కుంటుతున్నాయి. ఫ్యానుకి ఒక రెక్క లేదు. బోర్డు మీద నలుపు పోయి బూడిద రంగు తేలింది. నేను ఊడుస్తుంటే పెద్దమ్మ బెంచీల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకటి, దాని పక్కది, దాని వెనకది. చివరికి గోడ వారనున్న మూల బెంచీ దగ్గర ఆగిపోయింది.

"ఇలా రావే. ఇక్కడ కూర్చో. బోర్డు మీద ఏం రాశానో చదువు."

కూర్చున్నాను. ఎదురుగా ఉన్న కిటికీ వెలుతురంతా బోర్డు మీద పడి, బోర్డు కడిగిన స్టీలు పళ్ళెంలా మెరుస్తోంది. దాని మీద ఆమె సుద్దతో ఏదో రాసిందని కూడా నాకు తెలియలేదు.

"చూశావా? ఈ బెంచీ మీద కూర్చున్న పిల్లలంతా మొద్దులని పేరు పడి ఉంటారు," అంది పెద్దమ్మ.

బోర్డుని ఎదుటి గోడకి మార్చాలని హెడ్మాస్టరుని అడిగింది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, మీ గది మీ ఇష్టం మేడమ్ అన్నాడు. ఆ మాట పెద్దమ్మకి ఎంత నచ్చిందంటే, ఇంటికి వచ్చి రెండుసార్లు చెప్పింది. మీ గది అన్నారు, మీ గది. పెదనాన్న చేతిలో ఉన్న ప్లగ్గు విప్పుతూ, "గది నీదైతే ఫ్యాను నాది," అన్నాడు.

తర్వాతి వారమంతా ఇద్దరికీ అదే పని. ఎక్కడో విప్పి పెట్టిన పాత ఫ్యాను రెక్క తెచ్చి బిగించి, వైండింగు మార్చి, ఆయన దాన్ని చప్పుడు లేకుండా తిరిగేలా చేశాడు. బడిలో అంత బాగా తిరిగే ఫ్యాను ఇంకోటి లేదని గర్వంగా చెప్పుకున్నాడు. వడ్రంగిని పిలిచి కుంటి బెంచీలకి కాళ్ళు వేయించారు. పొట్టి పిల్లల కాళ్ళు నేలకి ఆనాలని ముందు వరస బెంచీలు కొంచెం కోయించారు. పెద్దమ్మ బోర్డుని ఎదుటి గోడకి మార్పించి నల్లరంగు వేసింది. కిటికీకి పాత దుప్పటి కత్తిరించి సగం దాకా తెర కుట్టింది. పిల్లలు వేసిన బొమ్మలు తగిలించడానికి గోడకి తాడు కట్టింది.

గది కడుగుతున్న ఆయా గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, "మరీ అంత బాగా చెయ్యకండి మేడమ్," అంది.

తనకి పని పెరుగుతుందని భయపడుతోందేమో అనుకుంది పెద్దమ్మ. తుడిచే పని నేను చూసుకుంటాలే అంది. ఆయా బకెట్టు ఎత్తుకుని, "నాకేమిటి మేడమ్. చెప్పాల్సింది చెప్పా," అని వెళ్ళిపోయింది.

బడి తెరిచారు. ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. అంతకుముందు ఏ క్లాసులో ఉన్నా దాన్ని మూలనే కూర్చోబెట్టేవారట. అందుకని పిల్లలు దానికి మూలపిల్ల అని పేరు పెట్టారు. రెండో క్లాసు నుంచి పైకి పంపినప్పుడు ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి ఒక మాట కూడా దానితో పాటు వచ్చింది: బండ. ఏదైనా అడిగితే టీచరు ముఖం చూసేది కాదు. పక్కపిల్ల పెదవుల వైపు చూసి, అవి ఎలా కదిలితే అలా తన పెదవులూ కదిపేది.

పెద్దమ్మ దాన్ని ముందుకి పిలవలేదు. పిలిస్తే మిగతా పిల్లలు నవ్వుతారు. దాని మూలలోనే దాన్ని ఉండనిచ్చింది. మారింది బోర్డే కదా. కొన్నాళ్ళు అది తల ఎత్తలేదు. అలవాటు లేదు పాపం, అక్కడ చూడ్డానికి ఏదో ఉంటుందని దానికి ఎవరు చెప్పారు? ఒకరోజు పెద్దమ్మ బోర్డు మీద కూడికలు వేస్తూ పుస్తకంలో తొమ్మిది ఉన్నచోట ఆరు వేసింది. మూల నుంచి చిన్న గొంతు వినిపించింది.

"టీచర్, అక్కడ తొమ్మిది."

ఆ రోజు పెద్దమ్మ మా ఇంటికి వచ్చి కూర్చోకుండానే ఇది చెప్పింది. "దాని బతుకులో మొదటిసారి తప్పు దానిది కాదే. బోర్డుది," అంది. ఏడాది తిరిగేలోపు ఆ బండ అన్న మాట ఊడగొట్టి దాన్ని నాలుగో క్లాసుకి పంపాలి. అంతకు మించి ఆ ఏడాది ఆమెకి వేరే కోరిక లేదు. అయితే దానికి ఏడాది పూర్తిగా కావాలి. దాని తల ఇప్పుడిప్పుడే లేస్తోంది. ఇంకొకరి చేతిలో పడితే మళ్ళీ వాలిపోతుంది.

అర్ధ సంవత్సర పరీక్షల సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున స్టాఫు రూములో బల్ల మీద తాళంచెవుల గుత్తి కనిపించింది. ఆ బడిలో అది గదులు కోరుకునే రోజు. ఎండలు ముదరకముందే ఎవరికి నచ్చిన గది వాళ్ళు తీసుకుంటారు. ఆ బడిలో ముందు చేరిన వాళ్ళు ముందు కోరుకోవాలి. ఏ గదిలో ఉన్న తరగతి ఆ గదిలోనే ఉంటుంది, టీచర్లే మారతారు. ఏళ్ళ తరబడి ఇలాగే జరుగుతోంది కాబట్టి కొత్తగా వచ్చిన వాళ్ళకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. తోచినా చెప్పలేదు.

అందరికంటే ముందు చేరిన ఆవిడని పెద్ద మేడమ్ అంటారు. ఆవిడ లేచి, వెతుక్కోవాల్సిన పని లేకుండా ఒక తాళంచెవి తీసుకుంది.

"చివరి గది తీసుకుంటాను సార్. చక్కగా తయారైంది."

"అది నా గది కదండీ," అంది పెద్దమ్మ.

పెద్ద మేడమ్‌కి కోపం రాలేదు. అత్తగారు కొత్త కోడలికి నచ్చచెప్పినట్టు నవ్వింది. "ఇక్కడ ఎవరి గదీ ఎవరిదీ కాదమ్మా. మేమంతా పావురాల గదుల్లోంచి వచ్చినవాళ్ళమే." స్టాఫు రూములో అందరూ నవ్వారు. హెడ్మాస్టరు కాగితాల్లోకి చూస్తూ ఉండిపోయాడు. అందరి వంతూ అయ్యాక బల్ల మీద మిగిలిన తాళంచెవి పెద్దమ్మకి వచ్చింది. నీళ్ళ మోటారు పక్కనున్న ఒకటో క్లాసు. మోటారు తిరుగుతున్నంతసేపూ అక్కడ పాఠం చెప్పడం కుదరదు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే పెదనాన్న ముందు మండిపడ్డాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, బడి వాళ్ళకి లేని పట్టింపు నీకెందుకు అన్నాడు. కాసేపటికి చల్లబడి, "నేను ఆ ఫ్యాను జోలికి పోకుండా ఉంటే ఆ గది నీకే మిగిలేది," అన్నాడు. జోకులాగే అన్నాడు కానీ ఎవరం నవ్వలేదు.

వారం తిరగకుండానే మూడో క్లాసులో బోర్డు పాత గోడకి వెళ్ళిపోయింది. ఫ్యాను ఆ గోడ దగ్గరే ఉంది మరి. కుర్చీ ఫ్యాను కింద వేసుకోవాలంటే బోర్డూ అక్కడే ఉండాలి. కిటికీ తెర కూడా గాలికి అడ్డమని విప్పేశారు. పెద్దమ్మ రెండు రోజులు ఆగి, గొంతు సవరించుకుని వెళ్ళి, మూల బెంచీకి వెలుతురు కొట్టి అక్షరాలు కనిపించవని చెప్పింది. కావాలంటే మీరే ఒకసారి కూర్చుని చూడండి అంది. పెద్ద మేడమ్ ఆ బెంచీ వైపు, తన శరీరం వైపు చూసుకుంది.

"ఫ్యాను కింద నేను కూర్చోవాలా, మీ మూలపిల్ల కూర్చోవాలా?"

పోనీ ఆ పిల్లనైనా ముందుకి మార్చమని బతిమాలింది. మార్చారు. పక్కవాళ్ళతో మాట్లాడుతోందని మళ్ళీ మూలకి పంపారు. అది మాట్లాడుతోందంటే సంతోషించాల్సింది పోయి, అని పెద్దమ్మ ఇంట్లో గొణుక్కుంది. వరండాలో ఎదురుపడితే ఆ పిల్ల ఆమెని చూసి తల దించుకునేది. పెదవులు మాత్రం కదిపేది, నమస్తే అంటున్నట్టుగా. ఏడాది చివర దాన్ని నాలుగో క్లాసుకి నెట్టేశారు. ఆ మాట కూడా దానితో పాటే వెళ్ళింది.

మరుసటి ఏడాది ఒక కొత్త టీచరు వచ్చింది. ట్రైనింగు పూర్తి చేసి నేరుగా వచ్చిన అమ్మాయి. మాట్లాడితే మాట మింగేసేది. ఎవరికీ అక్కర్లేని నాలుగో క్లాసు గది ఆమెకి ఇచ్చారు. సైకిళ్ళ షెడ్డు పక్కన, పెచ్చులూడిన గోడలతో ఉంటుంది. ఆమె ఒక సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి వచ్చి, "మూడో క్లాసు గది మీరే బాగుచేశారట కదండీ. నాకు కూడా నేర్పిస్తారా?" అని అడిగింది.

పెద్దమ్మ వెళ్ళింది. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి బెంచీ మీద నుంచీ చూపించింది. వెలుతురు ఎక్కడ కొడుతుందో, బోర్డు ఎంత కిందికి దించాలో, తెర ఏ ఎత్తున కట్టాలో చెప్పింది. మూలపిల్ల గురించి కూడా చెప్పింది. ఆ అమ్మాయి అన్నీ చేసింది. గోడలకి తనే సున్నం వేసింది. ఆయా గుమ్మంలో నిలబడి ఆమెకి కూడా తన పాత మాటే చెప్పిందట. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుందట.

ఇవన్నీ మాకు చెబుతున్నప్పుడు నేను అడిగాను: "గదులు కోరుకునే రోజు గురించి చెప్పావా పెద్దమ్మా?"

పెద్దమ్మ పైట చెంగు వేళ్ళకి చుట్టుకుంది.

"చెప్తే గది ఎవరు బాగుచేస్తారే?"

పెదనాన్న చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయింది.

మళ్ళీ తాళంచెవులు బల్ల మీదికి వచ్చాయి. ఈసారి పెద్దమ్మ వంతు చివరిది కాదు. తన వంతు రాగానే నాలుగో క్లాసు తాళంచెవి తీసుకుంది. కొత్తమ్మాయి తెల్లబోయింది.

"అది నా గది కదండీ మేడమ్."

పెద్ద మేడమ్ చెప్పిన మాట పెద్దమ్మ నోటి చివరిదాకా వచ్చిందట. మింగేసింది. ఆ పిల్ల కోసమమ్మా, నాకు గది కోసం కాదు అంది. కొత్తమ్మాయి కళ్ళు తుడుచుకోకుండానే, "ఆ పిల్ల నా దగ్గర ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోందండీ," అంది.

ఆ మాట విన్నాక కూడా పెద్దమ్మ తాళంచెవి బల్ల మీద పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

మొదటి రోజు పాఠం మొదలుపెట్టబోతుంటే మూలలో చెయ్యి లేచింది. ఆ పిల్ల ఇప్పుడు ఎవరి పెదవుల వైపూ చూడటం లేదు. నేరుగా పెద్దమ్మ ముఖంలోకే చూసి అడిగింది.

"మా టీచర్ ఎప్పుడొస్తారు?"

పెద్దమ్మ బోర్డు వైపు తిరిగింది. దాని మీద ఆ అమ్మాయి గుండ్రటి చేతిరాతలో సెలవులకి ముందు చెప్పిన పాఠం అలాగే ఉంది. తుడిచి, తేదీ వేసి, పాఠం మొదలుపెట్టింది. ఆ పిల్ల తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజే కాదు, చాలా రోజులు.

ఆ తర్వాత పెద్దమ్మ బడి మారలేదు. గదులు మాత్రం మారుతూ వచ్చాయి. కొత్తవాళ్ళు వస్తున్నారు, పాతవాళ్ళు వెళ్ళిపోతున్నారు. పెద్ద మేడమ్ మానేశాక తాళంచెవుల దగ్గర పెద్దమ్మ వంతు బాగా ముందుకి వచ్చింది. కొత్తమ్మాయి రెండో ఏడే వేరే ఉద్యోగం చూసుకుంది. పెదనాన్న ఇప్పుడు మూడో క్లాసు జోకు చెప్పడం మానేశాడు. చెప్పడానికి ఏమీ లేదు. పెద్దమ్మ బెంచీల మీద కూర్చుని చూడటం లేదు. పోయిన నెల గది మారినప్పుడు అలవాటు కొద్దీ నేనే అడిగాను, బోర్డు అన్ని వైపుల నుంచీ కనిపిస్తోందా అని.

"ఎవరో ఒకరు చూసే ఉంటారుగా," అంది పెద్దమ్మ, కుర్చీ ఫ్యాను కిందికి జరుపుకున్నానని కూడా చెబుతూ.