గాలికి పోయిన బీడు

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెం ఎగువన, మా మెట్ట ఊరికి పడమట ఒక బీడు ఉండేది. మా నాయనమ్మకు పుట్టింటివారు ఇచ్చిన నేల అది. నిండా పరికి కంపలు, తంగేడు, మోకాలెత్తు గడ్డి. వానాకాలంలో కొల్లేరు పొంగితే అక్కడి పశువులవాళ్లు మందలను మా బీడుకు తోలుకొచ్చేవారు. మేపుకున్నందుకు బదులుగా, విత్తని మా చేలల్లో మంద కట్టేవారు. ఆ పేడే మా పంటకు ఎరువు.

పందొమ్మిది వందల ముప్పైలలో పొగాకు వచ్చింది. ఆకు ఆరబెట్టే బ్యారన్లకు కట్టెలు కావాలి, నాటడానికి నేల కావాలి. పక్క చేనువారు తమ బీడు నరికి పొగాకు వేశారు. మా పెదనాన్న కూడా గొడ్డళ్లకు పదును పెట్టించారు. నాయనమ్మ వద్దన్నా వినలేదు. నేల ఉత్తగా పడి ఉందని ఆయన వాదన.

పడమటి వడగాలులు మొదలైన రోజుల్లో ఒక ఉదయం నాయనమ్మ నన్ను లంగా ఎగదోపుకుని రమ్మంది. పెదనాన్న ఇస్త్రీ పంచెలు రెండు తడిపి, ఒకటి మా బీడుకు తూర్పు గట్టున కట్టింది. రెండోది, ఆకు కొట్టేశాక బోసిగా మిగిలిన పక్క చేను తూర్పు గట్టున కట్టింది. ఆరినప్పుడల్లా నా చేత తడిపించింది. సాయంత్రానికి మా పంచె కాస్త మాసింది. పక్క చేను పంచె దుమ్ము పట్టి ఎర్రగా, బరువుగా వేలాడింది.

రెండూ తెచ్చి అరుగు మీద పెదనాన్న ముందు పరిచింది.

“నా పంచెలే దొరికాయా నీకు?” అంటూ ఆయన నవ్వారు. “సబ్బు పెడితే పోతుందిలే అమ్మా.”

“పంచెకు పట్టింది పోతుందిరా నాయనా. చేలోంచి పోయింది ఏ సబ్బు పెట్టి తెస్తావు?”

వారం తిరక్కుండా బీడు నరికించారు.

మొదటి రెండు పంటలూ బాగా పండాయి. ఇంటిల్లిపాదీ నాయనమ్మను ఎగతాళి చేశారు. ఆ నవ్వులు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తరవాత గులకరాళ్లు పైకి తేలాయి. కొల్లేరు మందలు మేత లేక తిరిగి వెళ్లిపోయాయి, వాటితో ఎరువూ పోయింది. పడిన వాన ఇంకకుండా నేలను కోసుకుంటూ పారిపోయింది. చివరికి అక్కడ తంగేడు కూడా లేవలేదు. పెదనాన్న మాత్రం ఇంటికి వచ్చినవారితో, “ఈ మధ్య వానలు పడటం లేదండీ” అనేవారు. వచ్చినవారు తడిసిన గొడుగులు పక్కన పెట్టుకుని మరీ తలూపేవారు.

ఆ అబద్ధం భరించలేకే నేను డైరీ మొదలుపెట్టాను. వాన పడిన ప్రతి రోజూ రాశాను, ఇప్పటికీ రాస్తున్నాను. మా మెట్ట వానల్లేక ఎండిపోయిందని ఎవరైనా అంటే, ఈ వయసులోనూ కుర్చీలోంచి లేచి, ఆ పుస్తకాలు తెచ్చి వాళ్ల ఒళ్లో పెడతాను. పైకి చదవమంటాను.