ఊపిరికి సరిపడా కీర్తన

మా సంగీతం అయ్యవారు చివరి కీర్తన కట్టేనాటికి ఆయన ఊపిరితిత్తులు సగానికి పైగా చెడిపోయాయి. ఇక ఇంటికి తీసుకుపొమ్మని చెన్నై డాక్టర్లు చెప్పేశారు. సూళ్లూరుపేటలో వాళ్ల ముందుగదిలో మంచం, పక్కన ఆక్సిజన్ యంత్రం. నేను పాఠాలు చెప్పే బడి వదలగానే నోటుబుక్కుతో అక్కడికి వెళ్లేదాన్ని. ఆయన ఒక్కో ముక్క కూనిరాగంగా అనేవారు, నేను స్వరం రాసుకునేదాన్ని.

"ఇన్నాళ్లూ నేను కట్టినవన్నీ నా శిష్యులు మీరే పాడినారు. ఇదొక్కటి నేనే పాడాలమ్మే. ఒక్కసారి, మొదట్నించి కడదాకా," అన్నారు.

సరే అన్నాను కానీ నమ్మలేదు. రెండు మాటలకే దగ్గు తెరలు తెరలుగా వచ్చే మనిషి కీర్తన ఎలా పాడతారు?

పదిహేను రోజులకు చరణం కూడా పూర్తయింది. మా ఇంటికొచ్చి తాళం వేసుకుంటూ పాడి చూస్తే ప్రతి పాదం చివరా రెండేసి దెబ్బలు ఖాళీ. మతి నిలవడం లేదు కాబోలు, పాపం అనుకున్నాను. ఆ ఖాళీలన్నిట్లో రాగం చక్కగా మెలికలు తిరిగేలా సంగతులు కూర్చాను. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందంటే ఇదే. పైగా ముత్యాల్లాంటి అక్షరాలతో శుద్ధప్రతి రాసి తీసుకెళ్లాను, మెచ్చుకుంటారని.

ఆయన కాగితం చూస్తూ పల్లవి ఎత్తుకున్నారు. పాదం చివర నా సంగతి దగ్గరికొచ్చేసరికి దగ్గు. కళ్లు తేలేశారు. భార్య పరుగున వచ్చి మాస్కు పెట్టింది. తేరుకున్నాక మెల్లగా అడిగారు.

"ఆ ఖాళీలు యాడికి పోయినాయి?"

"తాళానికి చాల్లేదని నింపానయ్యవారూ."

"ఊపిరి పీల్చుకుందామని పెట్టుకున్నానమ్మే."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే కూర్చుని, పెన్నుతో నా సంగతులన్నీ కొట్టేశాను.

ఆ సాయంత్రం భార్య ఆయన వీపుకు ఆసరాగా కూర్చుంటే, మాస్కు పక్కన పెట్టి మళ్లీ ఎత్తుకున్నారు. నేను తాళం వేశాను. ప్రతి పాదం చివరా ఆ రెండు దెబ్బల్లో గాలి లోపలికి ఈడ్చుకునే చప్పుడు, వెంటనే పాట. గొంతు సన్నగిల్లింది కానీ శ్రుతి జారలేదు. కడదాకా పాడారు. ఆమె ఆయన నుదురు తుడిచింది.

"నాది నేను పాడేసినా. నువ్వు కొట్టేసిన సంగతులు బాగుండాయి, ఇంక ఏసుకో. ఊపిరి ఉండేవోళ్లు ఆడ ఆగకూడదు," అన్నారు.

మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చాను.