నాన్న పికప్‌లో అమ్మ కూర్చునే చోటు

మా చిన్నతనంలో... ఆదివారం పొద్దున్నే క్యాంప్ 2 బస్తీలో మా ఇంటి ముందు నాన్న పికప్ కడుగుతుంటే, నేనూ తమ్ముడూ బకెట్లతో నీళ్లు మోసేవాళ్లం. కొళాయి దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకీ నాన్న ఒకటే పాట. "ఒక్కనాడు మొరాయించలేదు సూడండి! మనిషైనా మోసం సేత్తాడు గానీ ఇది సెయ్యదు."

గుమ్మంలోంచి అమ్మ అందుకునేది. "మరి దాన్నే పెళ్లి సేసుకోలేకపోయావేటి?"

కొళాయి దగ్గరున్న వాళ్లంతా ఘొల్లున నవ్వేవాళ్లు. నాన్న కూడా.

నాన్నది ఇళ్ల సామాను చేరవేసే పని. స్టీల్ ప్లాంటులో రిటైరైతే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి కదా... ఈ హిందీ ఊరి సెక్టర్ 6, సెక్టర్ 7లలో మన తెలుగువాళ్ల సామానంతా నాన్న బండిలోనే వెళ్లేది. అమ్మ కూడా వెళ్లేది. గాజు సామాను పాత చీరల్లో చుట్టడం, ఊరగాయ జాడీలకు వాసెన కట్టడం అమ్మకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. బడికి సెలవైతే మేమూ తయార్!

మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. దేవుడి పటాలను సామానుతో పాటు వెనక వేయరు. ఇంటావిడ వాటిని ఒళ్లో పెట్టుకుని, డ్రైవరు పక్క సీట్లో కూర్చోవాలి. ఇన్నేళ్లు కాపురమున్న క్వార్టరు వైపు తిరిగి తిరిగి చూస్తూ ఎంతమంది పిన్నులు, అత్తలు ఆ సీట్లో ఏడ్చారో...

దాంతో అమ్మకు ఒక పట్టింపు పట్టుకుంది. "దేముడు కూకున్న సీటు. అక్కడ నేను కూకుంటానేటి? తప్పు!"

అంతే... ఇక ఎప్పుడూ వెనకాలే. మా ఇద్దరితో పాటు, గోనెసంచి పరుచుకుని. నాన్న ఒకటి రెండుసార్లు ముందుకు రమ్మని పిలిచాడు. తర్వాత పిలవడం మానేశాడు. ముందు సీటుకు కొన్నప్పుడున్న ప్లాస్టిక్ కవరు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది.

పికప్ వెనక ఎక్కినవాళ్లకి తెలుస్తుంది... లోడుంటే బండి మెత్తగా పోతుంది. ఖాళీగా ఉంటే ప్రతి గుంతకీ ఎగిరెగిరి పడుతుంది. వెళ్లేటప్పుడు బీరువాలూ మంచాలూ ఉండేవి కాబట్టి హాయిగా వెళ్లేవాళ్లం. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ! మేము ఎగిరిపడుతూ కేరింతలు కొట్టేవాళ్లం. "నాన్నా, ఇంకా స్పీడూ!" అని క్యాబిన్ అద్దం మీద బాదేది నేనే. అమ్మ ఒక చేత్తో మమ్మల్ని, ఇంకో చేత్తో పక్క రేకును పట్టుకుని, పళ్లు బిగబట్టి కూర్చునేది.

ఇంటికొచ్చాక నడుముకు నాచేత ఆముదం రాయించుకునేది. "బండి వల్ల కాదే... నీళ్ల బిందెలెత్తినాను గదా" అనేది. నేను నమ్మేశాను. నమ్మితే స్పీడు తగ్గించమని నాన్నకు చెప్పక్కర్లేదు కదా... చిన్నపిల్లనైనా ఆ మాత్రం స్వార్థం ఉంది నాకు.

పోయినేడు చలికాలంలో అమ్మ నడుము పూర్తిగా పడిపోయింది. ఎముకల్లోకి పాకిన జబ్బన్నారు. బండి కుదుపులకీ దీనికీ సంబంధం లేదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నాన్న వినిపించుకోలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పొద్దున అంబులెన్స్ వద్దంది అమ్మ. "మన బండుండగా పరాయి బండేటి?"

నాన్న ముందు తలుపు తీశాడు. సీటు మీది ప్లాస్టిక్ కవరు పరపరా చింపి పారేశాడు. "రాయే... ముందు కూకో."

"ఇప్పుడా?" అంది అమ్మ. "కూకోలేను కదయ్యా..."

నాన్న వీధి చివర కడుతున్న ఇంటి దగ్గరికెళ్లి, మేస్త్రీని అడిగి, ఇసుక బస్తాలు మోసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి! తమ్ముడు చెయ్యి వేయబోతే తోసేశాడు. బస్తాలు బండి వెనక చుట్టూ పేర్చి, మధ్యలో పరుపు వేశాడు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు... అమ్మకు కుదుపు తగలకుండా బండికి లోడు వేస్తున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత తేలికా ఇది? ఇన్నేళ్లలో ఒక్కసారైనా మాకెవరికీ తోచలేదే!

దారిలో అమ్మ తల నా ఒళ్లో ఉంది. రైలు పట్టాలు దాటుతున్నప్పుడు కూడా బండి పెద్దగా కదల్లేదు. అమ్మ కళ్లు తెరిచి, "ఓలమ్మ... ఎంత మెత్తగా ఎల్తందే మీ నాన్న బండి" అంది.

పన్నెండో రోజున ఆసుపత్రిలోనే పోయింది.

నాన్నకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. బండి అమ్మేద్దామన్నాం. నిన్న ఒకాయన చూడ్డానికొచ్చాడు. మనవాళ్లే, ఇక్కడే పుట్టి పెరిగినాయన, మాటల్లో సగం హిందీ.

"బాబాయ్, గాడీ భరోసా ఉంటాదా? రస్తాలో ధోఖా ఇవ్వదు కదా?"

"ఒక్కనాడూ ఆగలేదు బాబూ." గొంతులో పాత గర్వం లేదు.

"మరి ఆరామ్‌గా ఉంటాదా?"

నాన్న డ్రైవరు సీటు తట్టాడు. "నా సీటు బాగుంటాది. వెనకాల ఎలగుంటాదో నాకు తెల్దు. కూకున్న మనిషి సెప్పలేదు... నేనడగలేదు."

ఆయన వెనక్కి వెళ్లి చూసి, ఆ ఇసుక బస్తాలు దించెయ్యమన్నాడు. నాన్న అడ్డంగా తలూపాడు. "ఉండనీ బాబూ. ఖాళీగా ఉంటే కుదుపుతాది." బేరం అక్కడితో ఆగిపోయింది.

ఆయన వెళ్లాక నేను ఉండబట్టలేక చెప్పేశాను. "అమ్మ చెప్పింది నాన్నా... మెత్తగా ఎల్తందని."

"ఎప్పుడు?" అన్నాడు ఆశగా.

"ఆసుపత్రికెళ్లిన రోజు."

నాన్న బండి రేకు మీద చెయ్యి వేసి, "ఆ ఒక్క రోజేనా?" అన్నాడు.

ఇప్పుడు క్వార్టర్లు ఖాళీ చేసేవాళ్లకి ప్యాకింగ్ వాళ్లు అట్టపెట్టెలతో వస్తున్నారు. దేవుడి పటాలు కూడా ఆ పెట్టెల్లోనే వెళ్లిపోతున్నాయి. ముందు సీటు ఎవరికోసమూ ఖాళీగా ఉండడం లేదు...

మీ ఇంట్లోనూ "నాకిక్కడే బాగుంది" అంటూ వెనకాల కూర్చున్న మనిషి ఒకరుండే ఉంటారు. వాళ్ల గురించి రాయండి, చదువుతాను. వాళ్లు ఇంకా ఉంటే మాత్రం... రాయడం తర్వాత. ముందు వెళ్లి, నడుం నొప్పెడుతోందా అని అడగండి.