పచ్చంటే ఏ పచ్చ

దారాలమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉండదా మరి! ఇరవై రెండేళ్ళుగా ఆ కుట్టు కార్ఖానాలో గుడ్డకు తగిన రంగు దారం ఏరి ఇచ్చేది ఆవిడే. గుడ్డ కొసను కిటికీ వెలుతురులో ఒక్కసారి తిప్పి చూస్తుంది, అంతే, చెయ్యి సరైన దారపు కండె మీదికి పోతుంది.

భోజనాల వేళ కత్తిరింపు బల్ల మీద ఓ మూల ఖాళీ చేసుకుని ముగ్గురు బిళ్ళలాట ఆడతారు: దారాలమ్మ, గుడ్డ కోసే కత్తెరక్క, ఇస్త్రీ బాబాయి. చెక్కబిళ్ళల మీద ఆరు రంగుల్లో ఆరు రకాల బొమ్మలు. రంగైనా కలవాలి, బొమ్మైనా కలవాలి, లేదంటే బిళ్ళ పక్కన బిళ్ళ పెట్టకూడదు. దారాలమ్మ ప్రతి బిళ్ళనీ ఠప్పున కొట్టి మరీ పెడుతుంది. బాబాయిది దొంగాట. పట్టుబడితే పళ్ళికిలిస్తాడు.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఇది చూసి అదే ఆట కంప్యూటర్లో ఎక్కించాడు. "రండమ్మా, దీన్ని గెలవండి చూద్దాం!" అన్నాడు. మౌసు అతని చేతిలో, మాట ఆవిడది.

"ఆ పువ్వు పక్కన పచ్చ చుక్క పెట్టు బాబూ."

అతను ఆకుపచ్చ చుక్కను లాక్కెళ్ళి పెట్టాడు. పువ్వేమో పసుపు. కంప్యూటరు బుర్రుమని బిళ్ళను వెనక్కి తోసేసింది.

"అది కాదయ్యా, అది ఆకు!"

"ఆకా? ఇందులో ఆకు బొమ్మే లేదు కదమ్మా!"

దారాలమ్మకు పుట్టింటి నుంచీ పచ్చ అంటే పసుపుపచ్చే. ఆకుపచ్చనైతే ఉత్తి 'ఆకు' అంటుంది. తోటివాళ్ళకు అది ఏనాడో అలవాటైపోయింది. ఇతనికి ఎవరు చెప్పాలి? అలా మూడు బిళ్ళలు వెనక్కొచ్చాయి, ఆట కాస్తా పోయింది.

మర్నాడు వచ్చేసరికి ఆవిడ కుర్చీ కిటికీ దగ్గర లేదు. గుండీల బల్ల దగ్గరుంది.

"ఏమీ అనుకోకండమ్మా. పచ్చకీ పసుపుకీ తేడా తెలియని కళ్ళతో దారాలెలా ఏరతారు? గుండీలైతే మీకు సుఖం" అన్నాడు సూపర్‌వైజరు.

"నా కళ్ళకేం రోగం!"

"బాబూ, ఆవిడ పచ్చ అందంటే పసుపని అర్థం. మాకందరికీ తెలుసు" అంది కత్తెరక్క.

"మీరు ఆవిణ్ణి వెనకేసుకు రాకండక్కా!"

దారాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. లోపల భయమూ వేసింది. గుండీల బల్లకు వెళ్ళినవాళ్ళు అక్కణ్ణుంచి ఇంటికే పోయారు తప్ప పాత చోటికి తిరిగి రాలేదు.

"నీ మాటా వద్దు, నా మాటా వద్దు. ఆ మౌసు ఇటియ్యి" అంది.

జన్మలో దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. తెర మీద బాణం గుర్తు ఆ మూలకూ ఈ మూలకూ పరిగెత్తింది. "ఏయ్, ఎక్కడికే!" అని దాన్ని గదమాయించింది. మిషన్లు ఆగిపోయాయి, జనం చుట్టూ మూగారు. బాబాయి ఇస్త్రీపెట్టె ఆపేసి పరుగున వచ్చాడు. ఒక్కో బిళ్ళకూ చెమటలు కక్కుతూ, పళ్ళు బిగించి, ఆవిడ ఆట చివరిదాకా ఆడింది.

"తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోయారమ్మా" అన్నాడు సూపర్‌వైజరు.

"ఓడితే ఓడాను! అది కంప్యూటరు, నేను మౌసు పట్టింది ఇవాళే. ఒక్క బిళ్ళ వెనక్కి తోసిందా? రంగు కలవాల్సిన చోట పసుపు పక్కన ఆకుపచ్చ ఇరికించానా? నీలం పక్కన ఊదా పెట్టానా? చెప్పవేం నాయనా, నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా!"

బాబాయి కిసుక్కున నవ్వాడు.

దారాలమ్మ గుండీల బల్ల దగ్గరికి నడిచి కుర్చీ ఎత్తింది. కత్తెరక్క సాయం పట్టబోతే వద్దంది. అందరి ముందునుంచీ మోసుకెళ్ళి, కిటికీ దగ్గర దించి కూర్చుంది. ఆయాసం తీరకముందే సూపర్‌వైజరు వైపు చెయ్యి చాచింది.

"గుడ్డ తే."

తెచ్చాడు.