ఐస్‌క్రీం గుర్తుకు మా పాప ప్రచారం

పాపకు రెండున్నరేళ్లప్పుడు నేను గురజాల దగ్గర ఒక పల్లెలో, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులకు తిరిగేవాడు. అమ్మేమో నూజెండ్లలో మిరప కోతలు వదిలి రానంది. దాంతో పగలంతా పాప ఇంటి ఓనరమ్మ దగ్గరే ఉండేది. ఆమెను నేను అత్తా అని పిలిచేదాన్ని. వేళకు అన్నం పెట్టి, నిద్రపుచ్చి, సాయంత్రానికి తల దువ్వి మరీ అప్పగించేది.

ఇంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. అత్త వార్డు మెంబరుగా నిలబడింది. ఆమెకు స్టూలు గుర్తు ఇచ్చారు. పోటీగా నిలబడిన వెనక వీధి ఆమెకు ఐస్‌క్రీం.

"మరి పాపని ఎట్టా చూస్తావత్తా?" అని అడిగాను.

"చంకనేసుకుని తిరుగుతానే. పసిబిడ్డ మొహం జూస్తే ఎవురైనా తలుపు తీస్తారు."

నాకు వేరే దారి లేక సరేనన్నాను.

మర్నాడు పిల్లలకు భిన్నాలు చెబుతుంటే కిటికీ పక్కన మైకు ఆటో ఆగింది. "చెప్పు బంగారం, మన గుర్తు ఏంది?" అని అత్త గొంతు. వెంటనే ఊరంతా వినపడేలా నా కూతురి గొంతు: "ఐస్‌క్రీం!"

"కాదమ్మా, స్టూలు! స్టూలు అను!"

"స్టూలొద్దు! ఐస్‌క్రీం కావాలి!"

క్లాసంతా బల్లలు చరుస్తూ నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆటో మలుపు తిరిగేదాకా మైకులో ఆ ఏడుపు ఆగలేదు.

సాయంత్రం వెనక వీధి ఆమె కోన్ ఐస్‌క్రీం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "రేపట్నించి పాపని మా ఇంట్లో వదులమ్మా. ఏసీ ఉంది, చానా బాగా జూసుకుంటా," అంది.

అత్త పరుగున బయటికొచ్చింది. "ఏమే, నా పిల్లని లాక్కుపోదామని వచ్చావా?"

ఇద్దరూ అరగంట పోట్లాడుకున్నారు. పిల్ల తల్లిని నేనే అయినా నన్నడిగినవాళ్లు లేరు. పాప కోన్ తింటూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

అత్త ఓడిపోయింది. ఆమెకు మొహం చూపించలేక, ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున్నే పాపను ఎత్తుకుని గెలిచినామె ఇంటికి వెళ్లాను.

"నాకిప్పుడు తీరికేడిదమ్మా?" అంది ఆమె, శాలువాలు మడతపెడుతూ.

తిరిగొచ్చేసరికి అత్త గేటు దగ్గరే ఉంది. నా చంకలోంచి పాపను లాక్కుంది.

"నన్ను ఓడగొట్టింది ఇదేనే," అంది, దాని మూతి తుడుస్తూ.

"అయినా చూసుకుంటావా అత్తా?"

"గెలిస్తే కుదిరేది గాదు. ఇప్పుడు ఖాళీయేగా. బెల్లు కొడతారు, పో."