ప్రార్థనలో ఉన్నానని చెప్పాను

నేల పొరల కింద దాగిన బొగ్గునూ, మనిషి గుండెలో దాగిన నల్లదనాన్నీ ఒకే చూపుతో చూసే దేవునికి స్తోత్రం. ఈ ఉదయం వరకు నా ఊపిరి ఆపకుండా కాచినందుకు, నా నోరు ఇంకా మూతపడనివ్వనందుకు ఆయనకే మహిమ. ఆయన ముందు ఏదీ మరుగు కాదని చిన్నప్పటి నుంచి పాడుతూ వచ్చాను. పాడిన నోటితోనే ఒక సంగతిని మరుగు చేశాను. ఇన్నేళ్లుగా దాని బరువు మోస్తున్నాను. కాదు, ఆ మాట సరి కాదు. ఆ బరువును నా బదులు మరొకతను మోశాడు. అతను మోస్తుంటే నేను చూస్తూ ఉన్నాను.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే రాయగలుగుతున్నానేమో. నా పేరు రాయడం లేదు. దానికి మంచి కారణం ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాను. భయం తప్ప ఏదీ దొరకలేదు.

మాది మరాఠీ నేల మీద, చంద్రాపూర్ వైపు, ఘుగ్గుస్ దగ్గర గని కాలనీ. మా నాయన బొగ్గుబాయిలో పనికని కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. నేను మరాఠీ బడిలో చదివి, గని ఆఫీసులో గుమాస్తానయ్యాను. తెలుగు అక్షరాలు మాత్రం ఆదివారపు బడిలో వాక్యం చదువుతూ నేర్చుకున్నవి. నలభై దాటకముందే మా చర్చి సంఘంలో పెద్దల్లో ఒకడిగా నిలబెట్టారు. ప్రభువు బల్ల రోజున, అంటే నెలకోసారి విశ్వాసులకు రొట్టె, ద్రాక్షరసం పంచే రోజున, రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య తిరిగే పని నాది. ఆ పళ్లెం పట్టుకున్నప్పుడు నా చేతులు పవిత్రమైనవని నిజంగా నమ్మేవాడిని.

అప్పుడు చంద్రాపూర్‌కు కొత్త వస్తువులు వరసగా దిగుతున్న కాలం. కార్ల సామాను దుకాణాల్లో అద్దాల వెనక రంగుల తెరలు మెరిసేవి. మా సంఘానికి ఒక పాత వ్యాను ఉండేది. రోగులను ఆస్పత్రికి చేర్చడానికి, కోర్పనా వైపు పల్లెల్లో ప్రార్థన కూటాలకు వెళ్లడానికి. దాన్ని నడిపేది ఓదెలు. బాప్తిస్మానికి ముందు బాగా తాగేవాడు. అతన్ని సంఘంలోకి తెచ్చింది నేనే. తెచ్చాననే గర్వం కూడా నాలో ఉండేది. నా మాటంటే అతనికి గురి. నన్ను అన్నా అనేవాడు. పరాచికాలు మాత్రం మానేవాడు కాదు.

బండికి తెర పెట్టించాలని కమిటీ అనుకుంది. దారి చూపే చిన్న తెర డ్రైవరు ముందు ఉండాలి. వాక్యం, పాటలు చూపే పెద్ద తెర వెనక సీట్లలో వాళ్ల కోసం పైకప్పుకు వేలాడాలి. ఇదీ వాళ్లు చెప్పింది. ఎంపిక చేసే పని నాకు అప్పజెప్పారు. నేను ఓదెలును వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాను.

అక్కడ రెండు రకాలు చూపించారు. కమిటీ చెప్పినట్టు రెండు తెరలు ఒక రకం. దారీ, బొమ్మా రెండూ తానే చూపే ఒకే పెద్ద తెర, ముందు భాగంలో బిగించేది, రెండో రకం. నేను రెండోది తీసుకున్నాను. ఎందుకు? చంద్రాపూర్‌లో ఒక స్టూడియోవాళ్లతో నా పాట వీడియో డిస్కు చేయించుకుని ఉన్నాను. అందులో తెల్ల చొక్కా వేసుకుని, వార్ధా నది ఒడ్డున చేతులెత్తి పాడుతూ ఉంటాను. నేనెప్పుడూ ముందు సీటులో కూర్చునేవాడిని. వెనక వేలాడే తెర నాకు కనిపించదు. నన్ను నేను చూసుకోవాలనుకున్నాను. కారణం అంతే. దాన్ని నాలోపల సువార్త అని పిలుచుకున్నాను. పైకప్పు తక్కువ ఎత్తులో ఉంది, వేలాడే తెర తలలకు తగులుతుందని కమిటీకి చెప్పాను. అది మొదటి అబద్ధం.

ఆ ముందు తెరకు ఒక కట్టడి ఉంది. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటేనే బొమ్మ వస్తుంది, బండి కదిలితే ఆగిపోయి దారి మాత్రమే చూపిస్తుంది. అందుకోసం ఒక వైరు ఉంటుంది. దాన్ని వేరే చోట కలిపేస్తే కట్టడి పోతుందని, చాలామంది అలాగే చేయించుకుంటారని దుకాణదారు చెప్పాడు. కలపమన్నాను.

అప్పటిదాకా తెర మీద మ్యాపును తిప్పి చూస్తున్న ఓదెలు తలెత్తాడు.

"అన్నా, ఆ వైరు ఉండనియ్యి. బండి నడుస్తాంటె బొమ్మ నడువద్దు."

"ఏందయ్యా, దేవుని పాటకు గూడ నీ కండ్లు ఆగయా? సిన్మా గాదు గదా!"

"సిన్మా అయితె ఆగుతయన్నా. నీ మొహమొస్తె ఎట్లాగుతయ్? గంత తెల్లగెట్ల పడ్డవో సూడబుద్ధయితది."

దుకాణంలో అందరం నవ్వాం. నవ్వుతూనే అతను మళ్లీ అన్నాడు, "నిజంగనె అంటున్న. వద్దన్నా."

"నేను పక్కకు కూసుంట గదా, నీకేం భయం?" అన్నాను.

అతను మళ్లీ మ్యాపు వైపు తిరిగాడు. పెద్దవాడి మాటకు ఎదురు చెప్పకూడదని సంఘంలో అతనికి నేర్పింది కూడా నేనే.

తెర బిగించాక పాస్టరుగారితో, పాటల బృందంతో మొదటి కూటానికి బయలుదేరాం. గడ్‌చాందూర్ అవతల ఒక పల్లె. వెళ్లేటప్పుడు తెర మీద దారే పెట్టాను. సాస్తి దగ్గర గని పెరిగి పాత రోడ్డును మింగేసిన సంగతి మ్యాపుకు తెలియదు. నేరుగా గోతిలోకి వెళ్లమని చూపిస్తుంటే ఓదెలు నవ్వి చుట్టూ తిప్పుకొచ్చాడు. పల్లెలో బండి ఆపి నా పాట పెట్టాను. పిల్లలు కాసేపు చూశారు. పాట సగంలో ఉండగానే పాస్టరుగారు కూటం మొదలుపెడదామన్నారు. నాకది గుచ్చుకుంది. ఇంత చిన్న సంగతి నుంచి అంత పెద్ద నాశనం మొలిచిందని రాయాలంటే సిగ్గుగా ఉంది.

పాస్టరుగారు ఆ పల్లెలోనే ఆగిపోయారు. తిరుగు దారిలో పాటల బృందాన్ని రాజూరాలో దింపేశాం. బండిలో ఓదెలు, నేను. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. బొగ్గు లారీల దుమ్ములో అన్నీ మసకగా ఉన్నాయి. నేను డిస్కు పెట్టాను. ఓదెలు రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. మంచిగ పాడినవన్నా, విన్న, అన్నాడు. వినడం నాకు చాలలేదు. చరణం చివర నేను మోకరించే చోటు వస్తోంది. స్టూడియోవాళ్లు దాన్ని చాలా అందంగా తీశారు. అతని భుజం తట్టి, చూడు, అన్నాను. చూడవయ్యా, ఒక్కసారి.

అతను చూశాడు.

పాలక్యాన్లతో సైకిల్ మీద వస్తున్న ఒక మరాఠీ మనిషిని బండి కొట్టింది. అతను అక్కడే చనిపోయాడు. రోడ్డంతా పాలు. ఓదెలు తలుపు తెరిచి అతని వైపు పరుగెత్తాడు. నా చేయి తలుపు మీదికి వెళ్లలేదు. తెర మీదికి వెళ్లింది. అందులో నేను ఇంకా పాడుతూనే ఉన్నాను. ఆపేశాను. డిస్కు తీసి బైబిలు సంచిలో పెట్టి జిప్పు వేశాను. ఆ తరువాతే దిగాను.

జనం చేరి ఓదెలును కొట్టారు. తాగి నడిపాడని ఎవరో అరిచారు. ఆ మాటనే అందరూ అందుకున్నారు. పోలీసులు అతనికి ఏ పరీక్షా చేయలేదు. నన్ను అడిగారు. కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాను, ఏమీ చూడలేదు అని చెప్పాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఆలోచించి చెప్పిన అబద్ధమైతే కొంత వెరపు ఉండేదేమో. అది నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. జీవితమంతా నేర్చుకున్న భక్తిలో నుంచి, నన్ను కాపాడగల ఒక్క మాటను నేనే ఏరుకున్నాను. ప్రార్థన చేస్తున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు? ఎవరూ అనుమానించలేదు. ప్రార్థనలో ఉన్నావు కాబట్టే నీకు గీతయినా పడలేదని సంఘం నన్ను చూసి స్తోత్రం చెప్పింది. ఆ ఆదివారం దేవుడు నన్నెలా కాపాడాడో అందరి ముందూ నాతో సాక్ష్యం కూడా చెప్పించారు. చెప్పాను.

ఓదెలు బెయిలు మీద వచ్చాక పెద్దల కూటం పిలిచారు. తాగావా అని పాస్టరుగారు అడిగారు. లేదయ్యా అన్నాడు. మరి కళ్లు ఎటు పోయాయి? ఓదెలు నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను మాట్లాడతానని ఎదురుచూసినట్టు చూశాడు. అంతసేపూ నాకు సమయం ఉంది. నేను లేచి నిలబడ్డాను కూడా. లేచి, జవాబు దాటవేస్తున్నాడు, అతనిలో ఆ పాత తాగుబోతు మనిషి ఇంకా చావలేదు, తాగినట్టు ఒప్పుకునే వరకు బల్లకు దూరం పెట్టాలి అన్నాను. అందరూ సరేనన్నారు.

మా సంఘంలో బల్లకు దూరమైనవాళ్లు చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, చివరి బెంచీ మీద కూర్చుంటారు. పళ్లెం వాళ్ల ముందు ఆగదు. పళ్లెం పట్టుకునేది నేను. ప్రతి నెలా అతని ముందు నుంచే నడిచి వెళ్లాను, ఆగకుండా. తాగానని ఒక్క మాట అంటే చాలు, మళ్లీ బల్లకు తీసుకునేవాళ్లు. ఆ మాట అతను అనలేదు. చేయని పాపం ఒప్పుకోవడం దేవుని ముందు అబద్ధమని అనుకున్నాడేమో. ఆ లేఖనం కూడా అతను నా దగ్గరే నేర్చుకున్నాడు.

కొన్నాళ్లకు రావడం మానేశాడు. సాస్తిలో టిప్పరు నడిపాడు. అప్పుడు మళ్లీ తాగుడు మొదలైంది. చూశారా, పెద్దాయన ముందే చెప్పాడు అని సంఘంలో నన్ను చూపించి అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఊరటగా అనిపించింది. దీన్నీ రాస్తున్నాను. దీన్ని రాయకుండా మిగతాది రాస్తే ఇదంతా మళ్లీ ఒక సాక్ష్యమే అవుతుంది.

అతను పోయినప్పుడు శవాన్ని మందిరంలోకి తేనివ్వలేదు. బల్లకు దూరమైనవాడు కదా. సంఘం పాటలు లేకుండా సమాధి చేశారు. నేను సమాధుల తోట గేటు బయట నిలబడ్డాను.

అతని భార్య సుగుణమ్మ మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. ఇన్నేళ్లూ నా చేతి పళ్లెంలోంచే రొట్టె తీసుకుంది. మొన్న ఆమె ఇంటికి వెళ్లాను. తల దించుకుని అంతా చెప్పాను. ఆమె బియ్యం చెరగడం ఆపలేదు.

"నాకెర్కనే అన్నా. ఆ దినమే చెప్పిండు ఆయన."

తెలిసీ నా చేతి రొట్టె ఎలా తీసుకున్నావు చెల్లె, అని అడిగాను.

"రొట్టె నీదా?" అంది.

క్షమించమని అడగబోయాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నన్నెందుకడుగుతవ్? ఆయన తాగిండని నా ముంగట జెప్పినవా? సంఘంల నిలవడి జెప్పినవ్. గట్లనే నిలవడి జెప్పు."

మళ్లీ చేట అందుకుంది. పొమ్మనీ అనలేదు, కూర్చోమనీ అనలేదు.

ఆమె నన్ను క్షమించలేదు. దేవుడు క్షమించాడని చెప్పే ధైర్యం నాకు లేదు. అయినా ఇదంతా రాశాక ఛాతీలో ఏదో సడలింది. అలా సడలడానికి నాకు హక్కు ఉందా? తెలియదు. వచ్చే బల్ల రోజున పళ్లెం ముట్టను. వాక్యం చదవకముందే లేచి నిలబడాలి. పాస్టరుగారు, పెద్దలు, నా భార్యాపిల్లలు అందరూ అక్కడే ఉంటారు. ఒకసారి అలాగే లేచి నిలబడినవాడిని నేను. నిలబడ్డాక నా నోరు ఎటు తిరుగుతుందో నాకు తెలుసు.

అందుకే, చదువుతున్న మీరెవరైనా, మీరున్న చోటనే నాతో కలిసి ప్రార్థించండి. నా క్షమాపణ కోసం కాదు. ఇలా అడగండి: ప్రభువా, ఓదెలు ఆ సాయంత్రం తాగలేదు. ఇది రాసిన మనిషి చేత ఈ మాట అందరి ముందూ పూర్తిగా చెప్పించు. చెప్పేవరకు అతన్ని కూర్చోనివ్వకు. ఆమేన్.