బూటు కోసం పుట్టిన కాలు

ఉదయం ఏడున్నరకి మునిర్కాలో మా ఇంటి మెట్లు దిగాం, నేనూ మా అమ్మాయి లహరీ. వెళ్లేది ఫరీదాబాద్, నాకో కొత్త కాలు తెచ్చుకోవడానికి. ఇంతకుముందు రెండుసార్లు వెళ్లి కొలతలిచ్చొచ్చాం. ఇవాళ కాలు చేతికొచ్చే రోజు. నవ్వుకోండి, పర్లేదు. మా ఇంట్లో ఈ మాటకి వారం రోజులుగా నవ్వుతూనే ఉన్నారు.

సంగతేంటంటే, నాలుగేళ్ల కిందట రోడ్డు దాటుతుంటే ఓ టెంపో గుద్దేసి నా కుడికాలు మోకాలి కిందనించి పోయింది. అప్పుడు పెట్టిన కాలు మంచిదే. కానీ దాన్ని బూటు మడమ ఎత్తు చూసి బిగించారు. బూటు తీశానా, వెనక్కి తూలి పడతాను. నేనేమో ముప్ఫైమంది తెలుగు పిల్లలకి మెస్సు నడిపే మనిషిని. "ఇంట్లోకి వేరే జోడు పెట్టుకోవచ్చుగా" అని సలహా ఇవ్వనివాళ్లు లేరు. పొయ్యి దగ్గర బూట్లేంటండీ, నా వల్ల కాదు! అందుకే నాలుగేళ్లుగా వంటింటి గుమ్మం బయట కూర్చుని "చింతపండు పొయ్యండి, చాలు, చాలన్నానా" అని నేను అరుస్తుంటే, మా ఆయన వండుతున్నారు. పాపం పిల్లలు కిక్కురుమనకుండా తింటున్నారు. నాకు కావలసిందల్లా ఉత్తకాళ్లతో నా వంటింట్లో నిలబడటం.

మునిర్కా మెట్రో స్టేషన్లో లిఫ్టు ఉంది. నాలాంటివాళ్లు ఎనిమిదిలోపు చేరుకుంటే మేలు. తర్వాత ఆఫీసు జనం లిఫ్టు ఖాళీ ఉంచరు. తనిఖీ దగ్గర మెషిన్ కుయ్యోమంది. ఆడ కానిస్టేబుల్ నా పిక్కమీద వేలితో తట్టి, "లోహే కా హై క్యా?" అంది, ఇనుముదా అని. "అల్యూమినియం, దీదీ" అంది లహరి. "అచ్ఛా, మా ఆయన స్కూటర్ కన్నా గట్టిదే" అని హిందీలో నవ్వి పంపేసింది.

కాల్కాజీ మందిర్ దాకా మెజెంటా లైను. అక్కడ వయొలెట్ లైనుకి మారాలి. నడక కాస్త ఎక్కువే, మెల్లిగా వెళ్లండి. ఓల్డ్ ఫరీదాబాద్‌లో దిగేసరికి తొమ్మిదయింది. ఈ-రిక్షా అతను నలభై అంటే లహరి ముప్ఫైకి దింపింది. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్లే గానీ, బేరంలో మాత్రం అచ్చం నా కూతురు.

ఫ్యాక్టరీల మధ్య సందులో రేకుల షెడ్డు. నడిపేది అందరూ మాస్టర్జీ అని పిలిచే పంజాబీ పెద్దాయన. మిలిటరీలో ముప్ఫై ఏళ్లు సిపాయిలకి కాళ్లూ చేతులూ తయారుచేసి రిటైరయ్యారు. లోపల గోడకి వరసగా వేలాడదీసిన కాళ్లు చూసి మొదటిసారి భయపడ్డాను. ఇప్పుడు అలవాటైపోయింది.

బెంచీ మీద ఓ జవాను కూర్చుని ఉన్నాడు. మా మాటలు విని, "తెలుగోళ్లా ఆంటీ?" అన్నాడు. పేరు సతీశ్, కరీంనగర్ దగ్గరి ఊరు, ఇద్దరు పిల్లల తండ్రి. సరిహద్దులో మందుపాతర మీద అడుగుపడి ఎడమకాలు పోయింది. పెట్టుడు కాలు ఒరుసుకుంటోందని సరిచేయించుకోవడానికి వచ్చాడు. పులిహోర డబ్బా విప్పి అతనికీ పెట్టాను.

"ఎవలు చేసిండ్రు ఆంటీ?"

"మా ఆయన."

"అట్లనా," అని తల వంచుకుని తిన్నాడు. ఒక్క మెతుకూ వదల్లేదు. మర్యాద తెలిసినవాడు.

లోపల పనివాళ్లు నా కాలు బిగిస్తుంటే లహరికి ఊరికే ఉండబుద్ధి కాలేదు. ఇవన్నీ ఎవరు కనిపెట్టారని మాస్టర్జీని అడిగింది.

"జంగ్ నే, బేటా," అన్నారాయన. యుద్ధమే కనిపెట్టిందట.

తర్వాత పక్క బల్ల మీద తన పని ఆపకుండానే చెప్పుకుంటూ పోయారు. పూర్వం కాలు పోతే ఊళ్లో వడ్రంగి చెక్కిచ్చిన కొయ్యే దిక్కు. ప్రపంచ యుద్ధాలొచ్చాక కుర్రవాళ్లు వేలకి వేలమంది కాళ్లు లేకుండా ఇళ్లకి తిరిగొచ్చారు. అంతమందికి కాళ్లు కావాలంటే వడ్రంగులు ఎక్కడ చాలతారు? ఫ్యాక్టరీలు లేచాయి. విమానాలకి వాడే అల్యూమినియం కాళ్లలోకి వచ్చింది. ఇప్పుడు తేలిగ్గా ఉండే కార్బన్ ఫైబర్ కూడా అటు విమానాల నుంచి, రాకెట్ల నుంచి వచ్చిందే. "సిపాయికి బూటు ఉంటుంది. అందుకని పాదాన్నీ బూటుకే తయారుచేశారు. వంటింటి గురించి ఆలోచించిన జనరల్ ఒక్కడూ లేడమ్మా," అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. నేను నాలుగేళ్లుగా తిట్టుకుంటున్న కాలు వెనక ఇంతమంది పిల్లల కాళ్లున్నాయా అనిపించి మనసు అదోలా అయిపోయింది.

పదకొండింటికి నన్ను ఇనప కమ్మీల మధ్య నిలబెట్టారు. బూట్లు లేకుండా. చేతులు వదిలానో లేదో, వెనక్కి తూలాను! సతీశ్ గభాలున వచ్చి పట్టుకోకపోతే నడుం విరిగేది. చూస్తే ఏముంది, పనివాళ్లు అలవాటుకొద్దీ మళ్లీ బూటు పాదమే బిగించారు. నాకు ఒళ్లు మండిపోయింది. దానికన్నా భయమేసింది. ఇక నా బతుకింతే, గుమ్మం బయటే అనుకున్నాను.

"మాస్టర్జీ, నేను పరేడ్‌కి వెళ్లట్లేదు! వంటింట్లోకి వెళ్లాలి!" అని నాకొచ్చిన హిందీలో అరిచాను.

"నాకైతే బూటు కావాలె. ఉత్తకాళ్లతోని నన్నెవలు డ్యూటీకి పిలుస్తరు? ఆంటీకి ఎందుకు సార్ బూటు?" అని సతీశ్ కూడా నా తరఫున లేచాడు. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించాడు.

మాస్టర్జీ తప్పయిందన్నట్టు తన చెవులు పట్టుకున్నారు. తనే బీరువా వెతికి, మడమ చదునుగా ఉన్న పాదం ఒకటి తీసి బిగించారు. చీలమండ దగ్గర మర తిప్పడం, నన్ను నిలబెట్టడం, మళ్లీ కూర్చోబెట్టి తిప్పడం. రెండు గంటలు పట్టింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు మహానుభావుడు.

ఒంటిగంట దాటాక నిలబడ్డాను. తూలలేదు. ఒక అడుగు, ఇంకో అడుగు, షెడ్డు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను. అక్కడే నిలబడి భోరుమని ఏడ్చాను. దాచుకోవడమెందుకు? సతీశ్ చప్పట్లు కొట్టాడు.

బయట బండి దగ్గర రాజ్మా చావల్ తిని, పక్క కొట్లో వెనక పట్టీ ఉన్న చదును చెప్పులు కొనుక్కుని, మూడింటికి మెట్రో ఎక్కాం. కాల్కాజీలో ఎలాగూ రైలు మారాలి కదా, అమ్మవారిని చూసి వెళ్దామన్నాను. పూలకొట్టు అతని దగ్గర చెప్పులు వదిలి వరసలో నిలబడ్డాం. ఎడమకాలికి నేల చల్లగా తగిలింది. కుడికాలికి ఏమీ తెలియలేదు. అయినా ఎంత సుఖమో!

ముందున్న ఓ కాలేజీ పిల్ల ఉన్నట్టుండి వంగింది. నా కుడిపాదాన్ని తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని, "సారీ ఆంటీజీ" అంది. గట్టిగా తొక్కేసిందట. నాకు తెలిస్తేగా! లహరి "అరే, వో తో..." అని అసలు సంగతి చెప్పబోతుంటే దాని చెయ్యి గిల్లాను. "పర్లేదమ్మా, దెబ్బేం తగల్లేదు," అని ఆ పిల్ల తల నిమిరాను.

మునిర్కా రైలులో సీటు దొరికింది. ఆ పిల్ల దండమే మనసులో తిరుగుతోంది. పరాయి దేశాల్లో ఎప్పుడో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు, ఇవాళ చూసిన సతీశ్ లాంటివాళ్లు, వీళ్లందరి పుణ్యమా అని నా కాలు ఇక్కడిదాకా వచ్చింది. యుద్ధాల వల్ల మేలు జరిగిందనడానికి నాకు నోరు రాదు. ఆ దండం మాత్రం వాళ్లకి చెందాలనుకున్నాను.

ఆరింటికి ఇల్లు చేరాం. గుమ్మం బయట చెప్పులు రెండూ విడిచి లోపలికి నడిచాను. మా ఆయన నా కాళ్లవైపు చూశారు. గరిటె నా చేతికిచ్చి, పొయ్యి దగ్గరనించి పక్కకి జరిగారు.